మేస్త్రి చెవిని నమ్మినాం

మా ఇంజిను మేస్త్రి పోయినాడు. పులివెందుల బస్సులో వచ్చిన మనిషి మిల్లు గేటుకాడ దిగి చెప్పినాడు: "మీ మేస్త్రి నిన్న పొద్దున తీరిపోయినాడప్పా. దయ్యం గాలి సోకిండె. ఇడ్సలేదు."

గాలి కాదు. తిండి లేక సచ్చిపోయినాడు. వాళ్లన్న ఇంట్లో గాదె నిండా జొన్నలుండంగా ఆకలికి సచ్చిపోయినాడు. ఈ మాట చెప్పేదానికే కాగితం పట్టుకున్నా. నేను బళ్లో చదివినోణ్ని కాదు. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

మాది ప్రొద్దుటూరులో పత్తి మిల్లు. మేస్త్రి ఇనప చువ్వ ఒక కొన ఇంజినుకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకొని కండ్లు మూసుకునేవాడు. "ఈ బేరింగు నాలుగు దినాలు" అంటే నాలుగో దినం పోయేది. నాకు పని నేర్పింది ఆయనే. పానా వంకరగా పట్టుకుంటే వేళ్ల మీద కొడతాండె. మధ్యాన్నం సద్ది ఇప్పినాక తన ఉల్లిగడ్డ కారెం తీసి నా ముద్ద మీద ఏస్తాండె. "నోరు అబద్ధం చెప్తాది అబ్బీ, చెవి చెప్పదు" అని ఆయన మాట. మిల్లంతా ఆ మాటను నమ్మినాం. అదే మేం చేసిన తప్పు.

రాజధాని కర్నూలునుంచి హైదరాబాదుకు పోయిన ఏడు. పత్తి బండ్లు గేటు బయట వరస కట్టినాయి. మేస్త్రి ఉన్నట్టుండి ఇంజిను ఆపేసినాడు. "లోపల ఎవరో ఏడుస్తాండారు. ఇప్పండి."

ఇంకొకడు అనుంటే నవ్వుతాం. అన్నది మేస్త్రి. రెండు దినాలు మిల్లు నిలిపి, పిస్టను దాకా ఊడదీసినాం. ఏమీ లేదు. బిగించినాం. వారానికి మళ్లా చువ్వ పెట్టి, "నన్ను పేరు పెట్టి తిడతాంది" అన్నాడు.

ఆయిలు పోసే సాయిబు పకపకా నవ్వినాడు. "ఇంగ్లీషోళ్ల ఇంజిను గద మేస్త్రీ, తెలుగు తిట్లు యాడ నేర్చుకున్యాది?"

అందరం నవ్వినాం. మేస్త్రి నవ్వలేదు. మా నోళ్లకల్ల ఒక్కొక్కటే చూసినాడు, ఎవుని నోరు ఆ గొంతుకు సరిపోతాదో ఎతుకుతాండేవాని మాదిరి. అయినా మళ్లా ఇప్పినాం. మూడోసారీ ఇప్పినాం. అప్పుడు ఇంజిను ఆగే ఉండాది, ఆయన మాత్రం చెవినుంచి చువ్వ తియ్యలేదు.

"ఆగింది గద మామా?" అన్నా.

"ఆగినా ఇనపడతాంది అబ్బీ. లోపల ఏమీ లేకుంటే మూడుసార్లు ఎందుకు ఇప్పినారు మీరు?"

ఆయన జబ్బుకు సాక్ష్యం పలికింది మా పానాలే.

తరువాత మిల్లులో టీ మానేసినాడు, మందు కలిపినారని. ఒక దినం తిరుగుతాండే ఇంజిను బెల్టు పట్టా కల్ల చెయ్యి చాపినాడు. నడుము పట్టుకొని ఎనక్కి గుంజినా. "లోపల ఉండేవాడు చెయ్యి పెట్టమంటాండాడు అబ్బీ, ఇడువు" అన్నాడు. ఆ మాపే జమ్మలమడుగు ఆస్పత్రికి తీసుకపోయినా.

డాక్టరు తొందరపడలేదు. ఎన్ని నెలలనుంచి, నిద్ర పడుతుందా, సారా తాగుతాడా, జ్వరమొచ్చిందా, తలకు దెబ్బ తగిలిందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా అయిందా, అన్నీ అడిగినాడు. "ఒక్క రోజు చూసి జబ్బుకు పేరు పెట్టలేను. కొన్నాళ్లు కనిపెట్టాలి. ఆయనకు మాత్రం నిజంగానే వినపడుతోంది. అబద్ధమని తిట్టొద్దు, ఔనని తల ఊపొద్దు. 'నీకు వినపడుతోంది, నాకు వినపడడంలేదు' అని చెప్పి పక్కన కూర్చోండి. రెంటికి జాగ్రత్త: ఆ గొంతు చెప్పినట్టు చేస్తాడు, విషమని తిండి మానేస్తాడు." మద్రాసు పెద్దాస్పత్రికి చీటీ రాసిచ్చినాడు. కొత్త మందు వచ్చిందంట.

చీటీ చేతిలో ఉండంగనే పులివెందులనుంచి వాళ్లన్న దిగినాడు. తెల్లపంచె, ఎనక ఇద్దరు మనుషులు.

"మా ఇంట్లో పిచ్చోడుండాడని మద్రాసు దాకా దండోరా ఏపిస్తావా?"

"జబ్బు రెడ్డీ. డాక్టరు..."

"నువ్వెవుడ్రా చెప్పేదానికి? మిల్లులో నూనె గుడ్డవి!"

చీటీ మడిచి జోబులో పెట్టుకున్నా. పెట్టుకున్నా అని రాస్తాంటే కోపమొస్తాంది, ఆయన మీద కాదు.

పులివెందులకు తీసుకపోయినాక ముందు భూతవైద్యుడు, యాపమండల దెబ్బలు. తరువాత గొడ్ల కొట్టంలో కాలికి గొలుసు. నెలకు నేను పోయి చూస్తే బొమికలు తేలి ఉండాయి. ఎదురుగా సంగటి ఎండిపోయింది. "తినడప్పా, అందరం చెప్పి చెప్పి సాలించుకున్యాం" అనింది ఇంటి ఆడమనిషి. ఏడి సంగటిముద్ద తెమ్మన్నా. సగం తుంచి నేను తిన్నా. నమిలేది, మింగేది చూసినాడు. శానాసేపు చూసినాడు. తరువాత మిగిలిన సగం అందుకొని, కండ్లు మూసుకొని తిన్నాడు. ఎవరన్నా దినమూ ఎదురుగా కూర్చొని ముందు తిని, తరువాత పెట్టండని బతిమాలినా. "పనులుండవా మాకు?" అన్నాడు వాళ్లన్న. నాకూ పనుండాది. పొద్దుగాలే మిల్లులో ఉండాల. బస్సెక్కినా. ఆయన బతికుండంగా ఒక్కసారే పోయినా.

సచ్చిపోయినాక పదకొండో దినం కర్మకు పోయినా. ఓళిగలు, అలసంద వడలు, చిత్రాన్నం, ఆయనకు ఇష్టమైనవన్నీ వండినారు. ఇస్తరాకు గోడ మీద పెట్టినారు. కాకి వచ్చి దూరంగా వాలింది. అక్కడినుంచి కదల్లేదు. "రా నాయనా, తిను నాయనా" అని వాళ్లన్న చేతులు జోడించినాడు. ఎండ నెత్తిన మండుతాంది. పిల్లోళ్ల నోర్లు మూయించినారు. పనికి పోవల్ననే మాట ఎవురి నోటా రాలేదు. అంతమందిమి ఊపిరి బిగబట్టి, ఆ కాకి ముట్టేదాకా, అట్లే నిలబడినాం.