ఎద్దుల ఉలవలు

మూకండపల్లిలో మా వీధిలో ఎవరింట్లో ఉలవలు ఉడికినా నాకు అత్తిముగం ఊళ్లోని మా తాత గుర్తొస్తాడు.

చిన్నప్పుడు ఆయన ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. ఐదో తరగతిలో ఇంగ్లీషు టీచరు 'ఎనర్జైజ్' అని బోర్డు మీద రాసి, శక్తినివ్వడం అని అర్థం చెప్పింది. సొంత వాక్యం చెప్పమంటే అందరూ పాలు, గుడ్లు అన్నారు. ఉలవలు ఎద్దులకు శక్తినిస్తాయని నేను చెప్పాను. టీచరు మెచ్చుకుంది. మరునాడు బడిలో పరుగు పందెం. ఎద్దుకు పనిచేసేది నాకూ పనిచేస్తుందనుకున్నాను. తెల్లవారగానే, దుక్కికి ముందు ఎద్దులకు పెట్టడానికి అవ్వ ఉడికించిన ఉలవలు తినగలిగినన్ని తినేశాను.

తాత కుండలోకి చూశాడు, తర్వాత నా మూతి చూశాడు.

"ఎద్దుల కూడు తినేసినావా? కొమ్ములేమన్నా మొలిచినాయా, చూపీప్పా."

"పందెం ఉంది తాతా."

ఆయన నవ్వి, పొలానికి కట్టుకున్న తన రాగిసంగటిని రెండు ఎద్దులకూ పెట్టేశాడు.

"మరి నీకు?" అన్నాను.

"నాకు నోరుంది, యాడన్నా అడిగి తింటాను. అవి అడగలేవు గదప్పా."

ఆయన ఎవరినీ అడగలేదని, మధ్యాహ్నం దాకా నీళ్లు తాగి దున్నాడని తర్వాత అవ్వ చెప్పింది. కడుపు బరువుతో నేను పందెంలో అందరికన్నా వెనక వచ్చాను.

ఇప్పుడు ఫ్యాక్టరీలో నేను సూపర్‌వైజర్‌ని. షిఫ్టు మొదట్లో పనివాళ్లను ఎనర్జైజ్ చెయ్యమని పైవాళ్లు చెబుతారు. నాలుగు మాటలు చెప్పి, నా క్యారియర్ తీసుకుని పక్క గదికి వెళ్తాను. కొందరు తినకుండానే వచ్చారని ముఖాలు చూస్తే తెలుస్తుంది. నోరుంది కదా, అడుగుతారులే అనుకుంటాను.

నోరు తాతకూ ఉండింది.