అనుమానాల ఇంట్లో ఇంగ్లీషు పరీక్ష

మా ఇంట్లో ఒకరు ముంచి ఇచ్చిన నీళ్లు ఇంకొకరు తాగడానికి వెనకాడిన రోజులు అవి, సహోదరులారా! డెబ్బైల చివరి సంగతి. కృష్ణగిరిలో మాది వ్యాపారం చేసుకునే కుటుంబం, మామిడికాయల మండీలకు గంపలూ గోనెసంచులూ పురికొసా అమ్మే అంగడి మాది. మా నాయన గంప అడుగుదాకా చెయ్యి పెట్టి తడిమి చూడందే ఏ సరుకునూ లోపలికి రానిచ్చే మనిషి కాదు. ఆయన అనుమానం అంగడి వరకే ఉండి ఉంటే బాగుండేది, కానీ నేను బడి చివరి పరీక్ష ఎస్.ఎస్.ఎల్.సి.లో ఇంగ్లీషు తప్పిన రోజు అది అంగడి దిగి ఇంట్లోకి వచ్చి కూర్చుంది.

మిగతా అన్ని సబ్జెక్టులూ ప్యాసయ్యాను, ఇంగ్లీషు ఒక్కటే పోయింది. మళ్లీ కట్టాను, మళ్లీ పోయింది. ఆ రెండోసారి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది! కొశ్చెన్ పేపరు చేతికి రాగానే నా కుడిచెయ్యి మొద్దుబారిపోయింది, వేళ్లు కలాన్ని పట్టుకోలేదు, అక్షరాలు చీమల్లాగా పాకాయి, తెల్లకాగితాలు అలాగే ఇచ్చి ఏడుస్తూ బయటికి వచ్చాను. డాక్టరు చూసి చేతికి ఏ జబ్బూ లేదన్నాడు. జబ్బు లేదంటే మా అమ్మకు ఒకటే అర్థం, ఎవరో ఏదో చేశారు!

ఎవరు చేశారు? గోడకు అవతల మా చిన్నమ్మ ఉండేది, అంటే మా నాయన తమ్ముడి భార్య. ఆమె కొడుకు నాతోపాటు రాసి మొదటిసారే ప్యాసయ్యాడు, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి! ఒకరోజు మా వాకిట్లో నిమ్మకాయ కనబడితే అది తోపుడుబండి మీద నుంచి జారిపడిందని ఎవరూ అనుకోలేదు, చిన్నమ్మే వేసిందన్నారు. నాయనేమో బడిలో ఇంగ్లీషు అయ్యవారికి మన మీద కక్ష అన్నాడు. నేనేమో నా స్నేహితురాలు నా గైడు పుస్తకాన్ని తీసుకుపోయి ఏదో చేసి తిరిగి ఇచ్చిందని అనుకున్నాను. ఎంత చీకటి, సహోదరులారా, పట్టపగలే ఎంత చీకటి! అమ్మ నన్ను వేప్పనపల్లి వైపు ఒక మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయి జబ్బకు రాగి తాయెత్తు కట్టించింది. ఇంకొక్కసారి తప్పితే చదువు చాలించి అంగడి వెనక గోనెసంచులు కుట్టుకోమని నాయన తేల్చి చెప్పేశాడు. నాకేమో టైపు నేర్చుకోవాలని, హోసూరులో కొత్తగా వస్తున్న కంపెనీల్లో ఉద్యోగం చేయాలని ఆశ, ఆ ఆశ గొంతులోనే ఉండిపోయేలా ఉంది, ఇంక ఎందుకు బతకాలని కూడా అనిపించిన రోజులున్నాయి.

అలాంటప్పుడు దేవుడు ఒక మనిషిని మా అంగడికి పంపాడు. ఎస్తేరమ్మ టీచరమ్మ, వేరే ఊళ్లో ఇంగ్లీషు చెప్పి రిటైరై, భర్త పోయాక మా ఊరికి వచ్చి బస్టాండు వెనక వీధిలో ఒంటరిగా ఉండేది. పురికొస కొనడానికి వచ్చి, నేను గోనెసంచుల మీద కూర్చుని గైడులోని వ్యాసం గట్టిగా బట్టీ కొడుతుంటే విని, ఆగింది.

"ఆ మాటకు అర్థం తెలుసునా తల్లీ?" అని అడిగింది.

"తెలీదమ్మా," అన్నాను.

"తెలీకుండానే మోస్తా ఉండావే అంత బరువు! సాయంత్రం నా ఇంటికి రా, నేను చెప్తాను."

నాయన తక్కెడ దింపేసి, "ఫీజు ఎంతమ్మా?" అని అడిగాడు. ఆమె వద్దంది. అంతే! అడిగి ఉంటే మా నాయన బేరమాడి ఒప్పుకునేవాడు, వద్దనేసరికి ఆయన ముఖం మారిపోయింది. ఆమె వెళ్లాక అన్నాడు, "ఊరికే చెప్పేదానికి ఆమెకేం వచ్చినాదే? కిరస్తానీ ఆమె. ఏదో ఆశించే పిలుస్తా ఉండాది. అవ్వను తోడు తీసుకోని పో. ఏం చెప్తాదో, ఏం పెడతాదో, అంతా అవ్వ చూసుకోని రానీ."

అలా మా అవ్వ, మా నాయన తల్లి, వేగులాగా నాతో వచ్చేది! ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, అయినా గడపలో కూర్చుని టీచరమ్మ పెదవుల మీద నుంచి కళ్లు తిప్పేది కాదు. ఇంటికి వెళ్లగానే నాయన అడిగేవాడు, "ఈ పొద్దు వాళ్ల దేవుని గురించి ఏమన్నా చెప్పినాదా?" అవ్వ, "చెప్పలేదురా, అదే నాకూ అనుమానంగా ఉండాది," అనేది. చెబితే ఒక అనుమానం, చెప్పకపోతే ఇంకో అనుమానం!

ఇప్పుడు పిల్లలారా, మీరు వినండి, ఆమె నాకు ఎలా నేర్పిందో చెబుతాను, ఎందుకంటే దేవుడు చేసిన మేలు ఆ నేర్పిన దారిలోనే నడిచి వచ్చింది. మొదట గైడు మూయించింది. వ్యాసాలు బట్టీ పట్టినవాళ్లకు పరీక్షలో విషయం కొంచెం మారితే కాళ్ల కింద నేల ఉండదని చెప్పి, మండీవీధిలో కనబడేదాన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పమంది. బండి వస్తోంది, మనిషి అరుస్తున్నాడు, ఆవు గడ్డి లాగుతోంది, అంతే. నవ్వొచ్చేంత చిన్నవి, కానీ నావి! తరవాత పొట్లాలు కట్టడానికి మా అంగడికి వచ్చే పాత ఇంగ్లీషు పేపర్లు తెమ్మంది. ఒక ముక్క తీసుకుని మొదట కలం ముట్టకుండా చదవాలి, మళ్లీ చదివి ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది అన్నవాటి కింద గీత గీయాలి, ఆ తరవాత దాన్ని మూసేసి సొంత మాటల్లో రాయాలి. తెలియని మాట వస్తే ఆగిపోకుండా ముందూ వెనకా ఉన్న మాటలను అడగమనేది. వ్యాసం రాసేముందు చెప్పవలసింది ఏమిటో తెలుగులో ఆలోచించి, పెద్ద వాక్యం భయపెడితే దాన్ని రెండుగా విరిచి రాయమనేది. గడియారం ఎదురుగా పెట్టి రాయించేది, ఎందుకంటే తెలిసింది కూడా టైములో రాయకపోతే తెలియనట్టే లెక్క.

చివరికి రాసిన కాగితం నా చేతికే ఇచ్చి అనేది, "ఇప్పుడు అనుమానించు. మీ నాయన గంపను తడిమినట్ల తడుము. ఈ క్రియ ఎవరిది? ఒకరిదా, చాలామందిదా? నిన్నటిదా, ఈ పొద్దుటిదా? మనుషులను అనుమానించేది చాలించి నీ వాక్యాలను అనుమానించు తల్లీ!"

దేవుని గురించి మాత్రం ఒక్క మాట లేదు. చివరికి నేనే ఉండలేక అడిగాను, మీ దేవుని గురించి నాకెందుకు చెప్పరు అని. గడపలో అవ్వ సర్దుకుని కూర్చుంది. టీచరమ్మ అంది, "మీ నాయన నిన్ను ఇంగ్లీషుకని పంపినాడు. ఆయనకు తెలీకుండా ఇంకొకటి నీ చేతిలో పెడితే అది దొంగతనం గదమ్మా. నువ్వు అడిగితే చెప్తాను, మీ అవ్వ ముందరే చెప్తాను."

అప్పుడు నేను నా చెయ్యి సంగతి చెప్పి ఏడ్చాను. ఆమె నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, అవ్వ చూస్తుండగానే ప్రార్థించింది. "తండ్రీ, ఈ చేతిని చేసినవాడివి నీవే. దీన్ని పట్టుకున్న భయాన్ని విడిపించు. ఈ బిడ్డ ఇంట్లో ఒకరినొకరు నమ్మేలాగా చెయ్యి, ప్రభువా." అంతే, చిన్న ప్రార్థన. మెరుపేమీ రాలేదు. ఆ సాయంత్రం అవ్వ ఇంటికి వచ్చి నాయనతో ఏమీ చెప్పలేదు. ఆమె ఏదైనా చూసి చెప్పకపోవడం నాకు తెలిసి అదే మొదలు!

పరీక్ష వచ్చింది. మొదటి పేపరు ఎలాగో గట్టెక్కాను. రెండో పేపరు రోజు కొశ్చెన్ పేపరు అందుకోగానే వేళ్లు మళ్లీ చల్లబడ్డాయి, భయంతో రవిక చేతి మీద నుంచి జబ్బ దగ్గర తాయెత్తును మాటిమాటికీ నొక్కుకుంటున్నాను. సూపర్వైజరు చూశాడు. రవిక చేతిలో ఏముందని అరవంలో గద్దించాడు. తాయెత్తు అన్నాను. నమ్మలేదు. ఒక ఆడటీచరు వచ్చి నన్ను వరండాలోకి తీసుకుపోయి తాడు కోసి, నన్ను మళ్లీ హాల్లోకి తెచ్చి ఆ రాగిగొట్టాన్ని చీఫ్ మేజా మీద పెట్టింది. చీఫ్ అంటే ఆ పరీక్షకు పెద్ద, మా వైపు తెలుగు మనిషే, కళ్లద్దాల మీద నుంచి చూసేవాడు. బ్లేడుతో గొట్టం విప్పాడు. లోపల నుంచి చుట్టచుట్టిన కాగితం బయటపడింది! దాని నిండా గడులు, గడుల్లో అర్థంకాని అక్షరాలు!

"ఏం రాసుకోని వచ్చినావు? ఇది యాడిది?" అన్నాడు.

కాపాడుతుందని కట్టించుకున్నదే నన్ను దొంగగా నిలబెట్టింది, చూశారా సహోదరులారా! హాలంతా నా వైపే చూస్తోంది. నా పేపరు మీద కాపీ అని రాస్తే అది ఒక్క ఇంగ్లీషుతో పోయేది కాదు, జన్మంతా మోయవలసిన మచ్చ. చీఫ్ ఆ కాగితాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, కొశ్చెన్ పేపరు పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. టైము పోతూ ఉంది. చివరికి తన మేజాకు ఆనించి ఒక బెంచీ వేయించి అన్నాడు, "ఈడ కూర్చోని రాయమ్మా. నేను నీ చేతినే చూస్తా ఉంటాను. దొంగవైతే ఈడనే తెలుస్తాది."

ఆయన కళ్లు నా చేతి మీద, నా చెయ్యి మేజా మీద కట్టెలాగా. అప్పుడు, నా బతుకులో మొట్టమొదటిసారి, నేనే ప్రార్థించాను. "ఎస్తేరమ్మ టీచరమ్మ దేవా, నిన్ను పిలిచేదానికి నాకు భయంగా ఉండాది, నువ్వు లేవేమోనని భయం, ఉండావేమోనని ఇంకా భయం. నేను దొంగను కానని నీకొక్కనికే తెలుసు. ఈయన చూసే చూపుకంటే నీ చూపు మంచిదైతే, నా చెయ్యి ఆడనియ్యి."

సహోదరులారా, చెయ్యి కదిలింది! మెల్లగా, ముందు చిటికెనవేలు, తరవాత అన్నీ, ఎండలో పెట్టిన మైనంలాగా మెత్తబడ్డాయి. రాశాను. ఇచ్చిన పేరాను కలం ముట్టకుండా చదివాను, మళ్లీ చదివి గీతలు గీశాను, సొంత మాటల్లో రాశాను. వ్యాసం ఏ గైడులోనూ లేనిది వచ్చింది, మీకు తెలిసిన ఒక కష్టజీవి గురించి రాయమని. మామిడి గంపల్లో గడ్డి పరిచే ఆడవాళ్ల గురించి రాశాను, అన్నీ చిన్న వాక్యాలే, అన్నీ నావే. చివర్లో కాస్త టైము మిగుల్చుకుని ప్రతి క్రియనూ తడిమాను, తప్పులు దొరికాయి, దిద్దాను. గంట కొట్టేదాకా ఆ పెద్దమనిషి నా మీద నుంచి చూపు తిప్పలేదు, ఆ చూపే నాకు సాక్షి అయింది! కాగితాలు తీసుకుంటూ, "పో తల్లీ. నీ పేపరు మీద నేనేమీ రాయను. నీ చెయ్యి ఎవరినీ అడక్కుండా రాసినాది, నేను చూసినాను," అన్నాడు.

ప్యాసయ్యాను! నాయన ఒక పేపరులో నా నంబరు చూసి నమ్మక ఇంకో పేపరు కొన్నాడు, అదీ నమ్మక బడికి పోయి గోడ మీద అంటించినదాన్ని చేత్తో తడిమి వచ్చాడు. అమ్మ, "తాయెత్తు మహిమ!" అని దండం పెట్టింది. అప్పుడు మా అవ్వ గయ్యిమంది, "దాన్ని కోసి పారేసినాకనే గదే పిల్ల రాసినాది!"

ఆ మధ్యాహ్నం నేను గోడ చుట్టూ తిరిగి చిన్నమ్మ ఇంటికి పోయి, మజ్జిగ ఇయ్యమని అడిగాను. ఆమె చెంబు పట్టుకుని ఏడ్చింది. "నిమ్మకాయ నేను వెయ్యలేదు సరోజా," అంది. "తెలుసు చిన్నమ్మా," అని తాగాను. నా చేతి కంటే ముందు విడుదల కావలసింది అనుమానంలో చిక్కుకున్న మా ఇల్లేనని అప్పుడు తెలిసింది, టీచరమ్మ రెండూ కలిపే అడిగింది కదా!

తరవాత టైపు నేర్చుకున్నాను, హోసూరులో ఒక కంపెనీ ఆఫీసులో చేరాను, టీచరమ్మను అడిగి, చదివి, తగువులాడి, నా అంతట నేనే ప్రభువు దగ్గరికి వచ్చాను. ఒక్కరోజులో రాలేదు, చాలా ఏళ్లు పట్టింది. ఎనభైలలో నేను బాప్తిస్మం తీసుకుంటున్నానని జాబు రాస్తే నాయన జవాబు రాయలేదు. ఆ ఆదివారం చూస్తే గుడి గేటు బయట నిలబడి ఉన్నాడు! పాస్టరుగారు కుర్చీ వేయించారు, కూర్చోలేదు. నా బిడ్డను ఏం చేస్తారో, ఏం తినిపిస్తారో, ఏం రాయించుకుంటారో అని వాకిలి దాకా వచ్చి తలుపు సందులోంచి అంతా చూశాడు. నేను తడిబట్టలతోనే ఆయన దగ్గరికి పరుగెత్తాను. ఆయన నా ముఖంలోకి చూసి, లోపలికి చూసి, మళ్లీ నా ముఖంలోకి చూశాడు.

"ఈడ ఏమీ దాచినట్ల లేదమ్మా," అన్నాడు.

అంతకంటే పెద్ద పొగడ్త మా నాయన నోట నేనెప్పుడూ వినలేదు. ఆయన విశ్వాసి కాలేదు, ఆ సంగతి మీ ముందు దాచను, ఆయన కోసం ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నాను.

కనుక పరీక్షకు కూర్చోబోయే బిడ్డలారా, చదవండి, సొంతంగా రాయండి, రాసింది దిద్దుకోండి, ప్రార్థన చదువుకు బదులు కాదు. ఇక్కడికి ఊరికే చూసిపోదామని వచ్చి వెనక వరుసలో కూర్చున్న పెద్దలారా, మా మాటలు మీకు నమ్మబుద్ధి కాకపోతే నమ్మకండి, అనుమానంతోనే రండి, చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమి చూడండి! నా దేవుడు తడమనిచ్చే దేవుడు. నా చేతిని కదిలించిన ఆయనకే మహిమ, ఈ రోజూ, ఎల్లప్పుడూ. ఆమేన్.