మజీదు మెట్ల దగ్గర, పసిపిల్లల వరుసలో

ఈ ఉదయం ఆఫీసు కాల్‌లో లండన్ సహోద్యోగిని ఒకామె, ఇంట్లో కాఫీ డబ్బా ఖాళీ అయితే "ప్యానిక్" అయ్యానని నవ్వుతూ చెప్పింది. ఇంగ్లీషువాళ్లు ఆ మాట ఎక్కడెక్కడ వాడతారో గమనించడం నాకు అలవాటు. సర్వర్ ఆగితే ప్యానిక్, జనం సరుకులకు ఎగబడితే ప్యానిక్, తొందరలో నచ్చని రంగు చొక్కా కొన్నా ప్యానిక్. ఎదుటివాడికి ధైర్యం చెప్పాలన్నా అదే మాట, ముందు ఒక "డోంట్" తగిలించి. వాళ్లకది తుమ్ము లాంటిది, వస్తుంది, పోతుంది. మా హసన్‌పర్తిలో దడుసుకోవడం అలా కాదు. అది ఒంట్లో చేరి కూర్చుంటుంది. ఎవరో ఒకరు తీసేయాలి.

ఇంజనీరింగ్ చివరి ఏడాది ఆ ఊళ్లోనే పెద్దమ్మ ఇంట్లో ఉండి చదివాను. ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ జరిగింది. మొదటి ప్రశ్నకు ఆలోచిస్తుండగా, అవతలున్న ఇంగ్లండ్ ఆయన మర్యాదగా "డోంట్ ప్యానిక్" అన్నాడు. అప్పటిదాకా నాకు భయమే లేదు. నా ముఖంలో ఏదో కనబడి ఉంటుందనుకున్నాను. అంతే, తెలిసిన జవాబులు కూడా తప్పు చెప్పాను. రెండు రోజులాగి ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు. అదీ పోతే ఆ ఏడాది మా కాలేజీకి వేరే కంపెనీ వచ్చే సూచన లేదు.

రెండు పూటలు అన్నం ముట్టలేదు. పెద్దమ్మ నా నుదురు పట్టి చూసి తేల్చేసింది. "దడుసుకున్నవ్ రా. నడువ్, మజీదు కాడ ఊదిపిచ్చుకొద్దాం."

"దడుసుకోవద్దని ఆయన చెప్పిండు గదా పెద్దమ్మా."

"చెప్తె పోతదా? చెప్పెటోనికేం!"

మా వైపు దడుసుకున్న పిల్లల్ని, ఏ ఇంటివాళ్లయినా, సాయంత్రం నమాజు ముగిసే వేళకు అక్కడికే తీసుకుపోతారు. మౌల్వీ సాబ్ దువా చదివి ముఖం మీద ఊదుతాడు. మెట్ల పక్కన తల్లులు, చంకల్లో పిల్లలు. వరుసలో గడ్డమున్న రోగిని నేనొక్కణ్ణే.

"బచ్చా ఏడమ్మా?" మౌల్వీ సాబ్ పెద్దమ్మ చంక వైపు చూశాడు.

"గీడే," అని నన్ను ముందుకు నెట్టింది.

"అరే, జర వంగు బేటా, అందుతలేవ్."

వంగాను. మూడుసార్లు ఊదాడు. అత్తరు, తమలపాకు కలిసిన వాసన. వెనకనుంచి ఒకావిడ, "ఎన్ని నెలలక్కా నీ బిడ్డకు?" అంది. వరుసంతా నవ్వింది, అందరికంటే గట్టిగా పెద్దమ్మ. నేనూ ఆపుకోలేకపోయాను. ఆ రోజు ఇంటికెళ్లి మారు వడ్డించుకుని మరీ తిన్నాను.

రెండో ఇంటర్వ్యూలో ఆయన మళ్లీ ఆ మాటే అన్నాడు. "లేదు సర్, ఆలోచిస్తున్నాను. ఒక్క నిమిషం ఇవ్వండి," అన్నాను. ఇచ్చాడు. తర్వాత ఉద్యోగమూ ఇచ్చాడు. ఊదడం పనిచేసిందా, నవ్వు పనిచేసిందా అంటే నా దగ్గర రుజువు లేదు. నేను అడిగింది ఒక్క నిమిషమే, కానీ అలా అడగవచ్చని తెలియడానికి నాకు ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది.