వెనక్కి తోలని నెల్డా మేబ్రీ

నెల్డా మేబ్రీకి బండి తోలడం సరిగా రాదని అలబామాలోని శాండ్ మౌంటెన్ అనే కొండ మీద ఎవరైనా అంటే, అన్నవాడికే మతి పోయిందనుకుంటారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి బస్సు తోలిన మనిషి ఆవిడ. ఈ కొండ మీద ఇవాళ మీసాలు దువ్వుకుని తిరిగే మగాళ్ళలో సగం మంది ఒకప్పుడు ముక్కు కార్చుకుంటూ ఆవిడ బస్సెక్కినవాళ్ళే. మంచు పడనీ, వాన దంచనీ, పొద్దున ఆరున్నరకల్లా ఆ పసుపుపచ్చ బస్సు మలుపు తిరగాల్సిందే. నిరుడు రిటైరైనప్పుడు పేరు చెక్కిన చెక్క పలక చేతిలో పెట్టి, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంత పేరున్న మనిషికి ఒకే ఒక్క పని రాదు. ఆ సంగతి కట్టుకున్న మొగుడికి కూడా తెలియదు. ఏమిటంటారా? చెప్తాను, తొందరపడకండి.

మార్చి నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక, నెల్డా వంటింటి బల్ల మీద రోడ్ల పటం పరిచింది. ఏప్రిల్ ఆఖరున ట్రైలర్ కట్టుకుని కుటుంబమంతా బయలుదేరాలని ఆవిడ పట్టుదల. ట్రైలర్ అంటే ఇరవై నాలుగు అడుగుల చక్రాల ఇల్లు. అందులోనే పడకలు, అందులోనే పొయ్యి, పికప్ ట్రక్కు వెనకాల తగిలించుకుపోవడమే. అలబామా నుంచి జార్జియా, అక్కణ్ణుంచి సౌత్ కరోలినా సముద్రం, కిందికి దిగి ఫ్లారిడా, మళ్ళీ ఇంటికి. మొగుడు ఓడెల్, కూతురు డార్లా, డార్లా ఇద్దరాడపిల్లలు, తను, మొత్తం ఐదుగురు.

ఇదివరకు ఆ ట్రైలర్ లాగేది ఓడెల్. కొండ కింద సాక్సుల మిల్లులో మెకానిక్కుగా పనిచేసిన మనిషి, ఏ యంత్రమైనా ఆయన చేతిలో పిల్లిపిల్లలా ఉండేది. రెండేళ్ళ కిందట ఆయన కళ్ళకు జబ్బు చేసింది. నేరుగా చూస్తే మధ్యలో పెద్ద మసక మచ్చ. తల పక్కకు తిప్పి కంటి కొసనుంచి చూస్తే కాస్త ఆనుతుంది. ఆ కాస్తా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు డాక్టరు. చూడాలనుకున్నవి ఏవైనా ఉంటే ఈ ఏడాదే చూసేయమని మెల్లగా చెప్పి పంపాడు.

"ఇంకేం ఫరవాలేదు నాన్నా, అమ్మ తోలుతుంది. బస్సు తోలిన చేతికి ఇదొక లెక్కా?" అని డార్లా ధైర్యం చెప్పింది. నెల్డా టీ గ్లాసులో ఐసు ముక్కలు గిలకొట్టుకుంటూ కూర్చుంది.

తర్వాత మకాములన్నీ వరసగా చదివింది. ఓడెల్ కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని విన్నాడు. ఆయనకు పటం అక్కర్లేదు, ఆ రోడ్లన్నీ బుర్రలోనే ఉన్నాయి.

"ఆగాగు," అన్నాడు. "అక్కణ్ణుంచి సముద్రానికి తిన్నగా రోడ్డుంటే, యాభై మైళ్ళు చుట్టు తిరుగుతావేమే?"

"ఆ రోడ్డు నాకు నచ్చలేదు."

"నచ్చకపోవడమేమిటి, నువ్వేమన్నా పెళ్ళాడబోతున్నావా దాన్ని? పోనీ, నది ఒడ్డున మనం ఎప్పుడూ దిగే ఆ నీడ చోటు వదిలేసి, ఆ ఎండలో కాంక్రీటు మీద దిగడమెందుకు?"

"అక్కడ ఇటునుంచి వెళ్ళి అటునుంచి బయటికొచ్చేయొచ్చు. హాయిగా ఉంటుంది."

"నాకేం హాయిగా లేదు. సరే కానీ. రాయిస్ దగ్గర ఎన్ని రోజులు వేశావు?"

నెల్డా పటం మడత పెట్టడం మొదలుపెట్టింది.

రాయిస్ అంటే ఓడెల్ తమ్ముడు. ఫ్లారిడాలో అపలాచికోలా నది ఒడ్డున తేనెటీగలు పెంచుతాడు. పెళ్ళాం పిల్లలు లేరు. టుపెలో చెట్లు పూసే ఆ రెండు మూడు వారాల్లోనే ఏడాది తేనెంతా రావాలి గనక, ఆ రోజుల్లో ఆకాశం విరిగి మీద పడ్డా కదలడు. ఇరవై ఏళ్ళుగా సరిగ్గా ఆ పూత రోజుల్లోనే ఓడెల్ ట్రైలర్ లాక్కెళ్ళి, తమ్ముడి తేనెల కొట్టం పక్కన దింపి, వారం పది రోజులుండి వచ్చేవాడు. కళ్ళు పోయాక వెళ్ళలేదు.

"రాయిస్ దగ్గరికి..." అని నెల్డా గొంతు సవరించుకుంది. "ట్రైలర్‌ని దగ్గర్లో ట్రైలర్లు దింపుకునే పార్కులో పెట్టేసి, పికప్ మీద వెళ్ళి, మధ్యాహ్నం భోంచేసి సాయంత్రానికి వచ్చేద్దాం."

ఓడెల్ కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "సొంత తమ్ముడింటికి నేను చుట్టపుచూపుగా పూటకెళ్ళి రావాలా? వాడి మొహం ఎదురుగా పెట్టినా నాకు మొత్తం ఒక్కసారిగా ఆనదే. పొద్దుటి వెలుగులో కాసేపు, సాయంత్రం కాసేపు, అలా ముక్కలు ముక్కలుగా చూసుకోవాలి. ఒక్క పూటలో ఏం చూడను నేను?"

"అమ్మా, పాపం వెళ్దామే," అంది డార్లా.

"ఆవిడ రాదే! వాడు ఎప్పుడో ఆవిడ చికెన్ డంప్లింగ్స్ తిని, ఆ పిండి ముద్దలు గోడకు కాగితాలు అంటించుకోవడానికి పనికొస్తాయన్నాడు. అది ఇంకా కడుపులో పెట్టుకుంది," అన్నాడు ఓడెల్.

"ఆ మాటకు నేనే పడిపడి నవ్వాను గదయ్యా!"

"నవ్వావు. మరి నా తమ్ముణ్ణి నీ దారిలోంచి ఎందుకు తీసేశావు?"

నెల్డా మడిచిన పటాన్నే మళ్ళీ మడిచింది. ఓడెల్ లేచాడు, కుర్చీకి మోకాలు తగిలించుకున్నాడు, తడుముకుంటూ వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఈ కొండ మీద అలగడం తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు గాని, ఓడెల్ అంత చక్కగా అలిగేవాడు ఇంకొకడు లేడు. అరవడు, విసుక్కోడు. పెట్టింది తింటాడు, "థాంక్యూ మేడమ్" అంటాడు. సొంత పెళ్ళాన్ని మేడమ్ అంటే ఎవరికి మండదు? నాలుగు రోజులు గడిచేసరికి నెల్డాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆయనకిష్టమైన మిఠాయి అని పీచ్ పళ్ళ కాబ్లర్ చేసి పెడితే, అది మాత్రం గిన్నెలో అలాగే వదిలేశాడు. ఆ గిన్నె తీస్తూ ఆవిడ ఆలోచించుకుంది. తన మీద కోపం ఉంటే ఉండనీ, ఎన్నైనా పడుతుంది. కానీ తమ్ముణ్ణి చూడకుండానే ఆయన కళ్ళు ఆరిపోతే, ఆ పాపం తనది కాదూ?

ఐదో రోజు మధ్యాహ్నం ఆయన వరండాలో సుత్తితో పెకాన్ కాయలు పగలగొడుతుంటే, ఎదురుగా వెళ్ళి కూర్చుంది.

"ఓడెల్, నాకు రివర్స్ రాదు."

"ఏం రాదూ?"

"ట్రైలర్ వెనక్కి తోలడం నాకు రాదయ్యా. ఆ మాటకొస్తే బస్సు కూడా వెనక్కి తోలలేదు. రెండో ఏడు నుంచి ఒక్క రోజు తోలలేదు."

కాయ కొడుతున్న సుత్తి ఆగిపోయింది. ఆ తర్వాత ఓడెల్ నవ్వాడు చూడండీ, ఆ నవ్వుకు పక్కింటి కుక్క మొరిగింది. బడి బస్సులవాళ్ళు వీలైనంతవరకు బండి వెనక్కి తోలకూడదన్నది అందరికీ తెలిసిన నియమమే. తిరిగి రావడానికి వీలుండేలా ముందే దారి వేసుకుంటారు. కానీ వీలైనంతవరకు అంటే అసలే తోలకపోవడం కాదు.

"అందుకా ఆ యాభై మైళ్ళ చుట్టు! అందుకా ఆ కాంక్రీటు!" అని పొట్ట పట్టుకున్నాడు. "నాలుగు రాష్ట్రాలు ఒక్కసారి కూడా వెనక్కి జరక్కుండా తిరిగొచ్చేలా దారేసుకుందమ్మా మా ఆవిడ! నిన్ను సైన్యంలో చేర్చుకోవాల్సింది."

"నవ్వకు. రాయిస్ ఇంటి సందులో తిరిగే చోటు లేదు. ఒక పక్క కాలవ, ఒక పక్క నది. వెనక్కి పెట్టడం తప్ప దారి లేదు. నావల్ల కాదు."

ఆవిడ గొంతులో ఏదో విని ఓడెల్ నవ్వు ఆపాడు. అప్పుడు చెప్పింది నెల్డా. బస్సు తోలడం మొదలెట్టిన రెండో ఏడు, దారి ముగిసిపోయిన ఒక చోట వెనక్కి తోలింది. దిగి ఇంటికి వెళ్ళిపోయిందనుకున్న పిల్ల ఒకతె, ఊడిన బూటు కోసం బస్సు వెనక్కి పరిగెత్తింది. కిటికీలోంచి ఎవడో కేక పెట్టాడు. బ్రేకు తొక్కి దిగి వెళ్ళి చూస్తే, బూటు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది ఆ పిల్ల. బస్సుకూ దాని జడకూ మధ్య జానెడు చోటు. ఆ పిల్లకేమీ కాలేదు, ఏడవను కూడా లేదు. నెల్డా మాత్రం ఆ తర్వాత ఆ గేరు ముట్టుకోలేదు.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు ఓడెల్.

"చెప్తే నన్ను బస్సెక్కనిచ్చేవాడివా?"

"ఎక్కనిచ్చేవాణ్ణి కాదు," అని ఒప్పుకున్నాడు. సుత్తి పక్కన పెట్టాడు. "శనివారం చర్చి ముందు చోటంతా ఖాళీగా ఉంటుంది. ట్రైలర్ కట్టు."

"గుడ్డివాడు నేర్పిస్తాడా నాకు?"

"నేర్చుకునేదానికి కళ్ళున్నాయిగా, చాలు."

శనివారం కంకర పరిచిన చర్చి ఆవరణలో పికప్, ట్రైలర్ నిలిచాయి. ఓడెల్ పక్క సీట్లో కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుని స్టీరింగ్ అడుగున పెట్టాడు. "పైన పట్టుకోకు. ఇక్కడ, కింద. ట్రైలర్ తోక ఎటు పోవాలో నీ చెయ్యి అటు జరుపు. అంతే. వేరే చదువు లేదు."

మొదటిసారి ట్రైలర్ అడ్డం తిరిగి పికప్‌ని పొడవబోయింది. రెండోసారి పూలమడిలోకి పోయింది. గడ్డి కోస్తున్న బ్రదర్ హోయిట్ యంత్రం ఆపి, టోపీ తీసి చంక కింద పెట్టుకున్నాడు. ఆయన చర్చి పెద్ద, ఆయన కొడుకులు ముగ్గురూ నెల్డా బస్సులోనే పెద్దవాళ్ళయ్యారు.

"సిస్టర్ నెల్డా, ఆ ట్యూలిప్పులు మీకేం అపకారం చేశాయమ్మా?"

"నీ గడ్డి నువ్వు కోసుకో హోయిట్!"

"కోస్తాను, కోస్తాను. ముందు ఎటు పారిపోవాలో తేల్చుకోనీండి!"

ఓడెల్ కిటికీలోంచి తల బయటపెట్టి, "నవ్వు బాబూ, నవ్వు. నీ కొడుకు పెళ్ళిలో నువ్వు పడవ కట్టిన బండి వెనక్కి పెట్టబోయి తపాలా డబ్బాని గుద్దిన సంగతి ఊరంతా మర్చిపోయిందనుకున్నావా?" అన్నాడు. హోయిట్ గమ్మున యంత్రం నడుపుకున్నాడు.

మూడో శనివారం ఓడెల్ బండి దిగిపోయాడు. నెల్డా కిటికీలోంచి తల బయటపెట్టింది.

"వెనకాల నిలబడతావా? చంపినా తోలను!"

"వెనకాల కాదే. నీ వైపు, దూరంగా, నీ అద్దంలో కనిపించేలా నిలబడతా. నా మొహం కనిపించినంతసేపూ రా. కనిపించలేదా, ఆగిపో. నాకు ఏమీ ఆనకపోయినా నీకు నేను ఆనుతాను గదా. ఇద్దరికీ కలిపి ఒక జత కళ్ళు చాలు."

ఆవిడ అద్దంలోకి చూసింది. ఓడెల్ చెయ్యెత్తి, రారమ్మని ఊపుతూ నిలబడ్డాడు. ఆ రోజు ట్రైలర్ వంకర లేకుండా, చర్చి నూతి గదికీ కంచెకూ మధ్య తిన్నగా వెళ్ళి కూర్చుంది. నెల్డా దిగి, ట్రైలర్ చుట్టూ నాలుగుసార్లు తిరిగి చూసుకుంది. ఇంటికొచ్చి పటం పరిచి, కాంక్రీటు మకాములన్నీ కొట్టేసి, రాయిస్ పేరు ఎదురుగా తొమ్మిది రోజులు రాసింది. ఫోను కూడా తనే చేసింది.

"ట్రైలర్ ఎవరు తోలుకొస్తారు వదినా?" అన్నాడు రాయిస్ అనుమానంగా.

"నేనే. నీ కొట్టం పక్కన చోటు ఖాళీ చేసి పెట్టు. డంప్లింగ్స్ కూడా తెస్తున్నా, గోడలు సిద్ధం చేసుకో."

మే మొదటి వారంలో రాయిస్ ఇంటి సందులోకి తిరిగారు. కిటికీ దించితే చాలు, పూల వాసన, తేనెటీగల రొద. ఓడెల్ దిగి, ట్రైలర్ పక్కకు చెయ్యి ఆనించి నడుచుకుంటూ వెనక్కి వెళ్ళి, రెండడుగులు పక్కకు జరిగి నిలబడ్డాడు. పిల్లలిద్దరూ సీట్లో ఉన్నారో లేదో నెల్డా రెండుసార్లు చూసుకుంది.

"వెనకాల కోడిపిల్ల కూడా లేదమ్మా, చూసొచ్చాను," అంది డార్లా, పిల్లల పక్కన సర్దుకుంటూ.

"కనిపిస్తున్నానా?" అని అరిచాడు ఓడెల్.

"కనిపిస్తున్నావు. టోపీ వంకరగా ఉంది."

స్టీరింగ్ అడుగున చెయ్యి పెట్టి, నెల్డా మెల్లగా వెనక్కి తోలింది. కాలవ, నది ఎక్కడివక్కడే ఉన్నాయి. ట్రైలర్ సగం లోపలికి వెళ్ళింది. అంతలో అద్దంలోకి ఇంకో మనిషి వచ్చాడు. మొహం మీది వల పైకెత్తుకుంటూ కొట్టంలోంచి వచ్చిన రాయిస్, అన్న ఎదురుగా నిలబడ్డాడు. రారమ్మని ఊపుతున్న ఓడెల్ చెయ్యి కిందికి దిగిపోయింది. ఆయన మొహం పక్కకు, నదివైపు తిప్పాడు. అటు ఏముందోనని రాయిస్ కూడా నదివైపు తిరిగాడు. ఓడెల్ తమ్ముడి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, తన తల మాత్రం మళ్ళీ పక్కకు తిప్పుకున్నాడు.

"కదలకురా. కాసేపలాగే ఉండు," అన్న మాట కిటికీలోంచి వినిపించింది.

నెల్డా బ్రేకు తొక్కి పట్టింది. ట్రైలర్ సందుకు అడ్డంగా, సగం లోపల, సగం బయట నిలిచిపోయింది.

"ఏమైందమ్మా? మధ్యలో ఆపేశావేం?" అంది డార్లా.

"ఉండవే. మీ నాన్న చూస్తున్నాడు."