సుగుణ టీచర్ మార్చిన దారి

తెల్లవారుజామున కోసిన గడ్డి వాసన, దాని అడుగున తడిమట్టి వాసన. హైదరాబాద్ శివార్లలోని ఒక గోల్ఫ్ మైదానంలో, పోటీల రోజున బంతి పడాల్సిన గుంట ఎక్కడ ఉండాలో చూసే ఉద్యోగం నాది. ఆ వాసన తగిలితే చాలు, ముదినేపల్లి చేపల చెరువులు గుర్తొస్తాయి, వాటి గట్ల మీద మా డ్రిల్లు టీచర్ సుగుణ గారు. ఆదివారాలు చర్చి నుంచి సరాసరి వచ్చి, తెల్లచీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని మాతో పరుగులు తీయించేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా జిల్లా ఆడపిల్లల పరుగుపందెం మా ఊళ్లో పెట్టారు. దారి గీసే పని ఆవిడదే. పందెం మొదలయ్యేది చెరువు గట్టు మీద. ఇద్దరు పట్టేంత గట్టు అది. ముందు దూరినవాళ్లని ఎవరూ దాటలేరు. పందెం మా ఊళ్లోనే కాబట్టి ముందు వరుస మాది. నెల రోజులుగా అక్కడే పరుగెత్తుతున్న నాకు ఆ కిటుకు బాగా తెలుసు. ముందురోజు సాయంత్రం ఆవిడ నన్ను వెంటబెట్టుకుని దారంతా నడిచి, గట్టు మొదట్లో ఆగిపోయారు.

“వెనక వరుసలో నిలబడ్డ పిల్ల ఏం చేస్తుందే ఇక్కడ?”

“ఏం చెయ్యలేదండీ. అందుకే మనం గెలుస్తాం,” అన్నాను ఉత్సాహంగా.

ఆవిడ సున్నం బకెట్ తీసుకుని, కోత అయిపోయిన వరిచేలోకి దిగారు. విశాలమైన ఆ చేనుకి అడ్డంగా, పందెం మొదలయ్యే కొత్త గీత గీశారు. గట్టు ఎక్కేలోపు ఎవరి వేగం వాళ్లు చూపించుకోవచ్చు. నాకు ఏడుపొచ్చింది. ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు పాలకాయతిప్ప వైపు నుంచి వచ్చిన పిల్ల, చేపలు పట్టేవాళ్లమ్మాయి, వట్టికాళ్లతో చివరి వరుసలోంచి బయల్దేరి, గట్టు ఎక్కకముందే నన్ను దాటిపోయింది. నేను రెండోదాన్నయ్యాను. టీచర్ గారిని చూసి మొహం తిప్పుకుంటే, ఆవిడే వచ్చి నా పక్కన కూర్చున్నారు.

“నిన్నటి దారిలో అయితే, ఆ పిల్ల ఇంత బాగా పరిగెడుతుందని మనకి తెలిసేదే కాదు కదమ్మా!”

కోపం తగ్గడానికి వారం పట్టింది. ఆ మాట మాత్రం ఉండిపోయింది.

మొన్న ఇక్కడ ఆడవాళ్ల పెద్ద ఛాంపియన్‌షిప్ జరిగింది. మొదటి రోజు సగం మంది పొద్దున, సగం మంది మధ్యాహ్నం ఆడతారు. ఆఖరి గుంటని ఏటవాలు మీద పెట్టమన్నారు మా మేనేజర్ గారు. పొద్దున మంచుతడికి బంతి అక్కడ నిలుస్తుంది. మధ్యాహ్నానికి గడ్డి ఆరి, ఎంత బాగా కొట్టినా కిందికి జారిపోతుంది.

“కష్టంగా ఉంటేనే కదండీ ఛాంపియన్‌షిప్!” అన్నారాయన.

“కష్టం ఉండాలి సార్. పొద్దున వాళ్లకీ మధ్యాహ్నం వాళ్లకీ ఒకేలా ఉండాలి.”

పోటీకి ముందురోజు ఎండవేళ ఆయన్ని అక్కడికి తీసుకెళ్లి మూడు బంతులు వేసి చూపించాను. మూడూ జారిపోయాయి. గుంటని ఆరడుగులు పైకి, చదునుగా ఉన్న చోటికి జరిపించారు.

చివరికి గెలిచింది మొదటి రోజు పొద్దున ఆడినామే. కానీ ఆ రోజు ఆఖరి జట్టులోని ఒక కుర్రపిల్ల ఎండలో కొట్టిన బంతి, గుంటకి జానెడు దూరంలో ఆగి నిలబడింది. ఆమె ఆట ఎలాంటిదో అక్కడున్న అందరం చూశాం. ఇప్పుడు ఏ పోటీకైనా గుంటలు గుర్తు పెట్టేముందు, చివరగా ఆడేవాళ్లు వచ్చే వేళకే వెళ్లి, ఆ దారంతా ఒకసారి నడిచి వస్తాను.