నంబర్లు వేసిన కాపీ

తిరుత్తణి బస్టాండు వెనక మేడమీది గదిలో కలైవాణి వీడియోలు ఎడిట్ చేస్తుంది. పెళ్లిళ్లే కాదు, చెవులు కుట్టడాలు, గృహప్రవేశాలు, చావులు కూడా. ఆమె పుట్టింది ఆర్.కె.పేట దగ్గర నేతవాళ్ల వీధిలో. నాన్న మగ్గం దిగి బట్టల కొట్టులో పనికి కుదిరితే, ఈమె కంప్యూటరు ముందు కూర్చుంది. మొగుడు కాట్టుపల్లి రేవులో కాంట్రాక్టు పని చేస్తూ ఆదివారాలు మాత్రం వస్తాడు. మిగతా రోజుల్లో ఆమెకు తోడు వీడియోల్లోని పరాయివాళ్ల చుట్టాలే. ఎవరు ఎవరితో మాట్లాడరో ఆమెకు తెలుసు. నిరుడు పోయినవాళ్లు ఆమె తెరమీద ఇంకా పందిట్లో నవ్వుతూ వడ్డిస్తుంటారు. ఆమెకు అది అలవాటైపోయింది.

ఆమె నోటికి వీధంతా భయపడుతుంది, నాతో సహా. "మామ నవ్వే చోట కొంచెం తగ్గించమ్మా" అని ఎవరైనా ఫోను చేస్తే, "పెళ్లినిండా మామలే కదా! యా మామ? యాడ నవ్వినాడు?" అని మండిపడేది. చివరికి ఒక పద్ధతి పెట్టింది. సరిచూసుకోవడానికి పంపే కాపీ మీద టైమ్‌కోడ్ వేస్తుంది. తెర పైభాగాన నల్లటి పట్టీలో పసుప్పచ్చ అంకెలు పరుగెత్తుతుంటాయి: గంట, నిమిషం, సెకను, దాని వెనక ఫ్రేము. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని చూసి, ఏది తీసేయాలో అంకె చెబితే చాలు. అన్నీ సరిచేశాక అంకెలు లేని అసలు కాపీ ఇస్తుంది.

యశశ్విని పెళ్లి వీడియో కూడా ఆమె దగ్గరికే వచ్చింది. ఆ పిల్ల తల్లి గోవిందమ్మ పెళ్లికి కొన్నాళ్ల ముందే పోయింది. అప్పటికి తల్లీకూతుళ్లకు మాటల్లేవు. కూతురు ఎంచుకున్న తిరువళ్లూరు అబ్బాయి ఆమెకు నచ్చలేదు. "నీ పెళ్లి కూడు నేను తినను పో" అంది. ఆ మాట వెనక్కి తీసుకునే వ్యవధి లేకుండా ఒక ఉదయం గుండె ఆగిపోయింది. కోపంలో ఎవరం మాత్రం నోరు జారం? కానీ ఆ పిల్లకు తల్లి దగ్గర్నుంచి చివరికి మిగిలింది ఆ ఒక్క మాటే.

వాళ్లింట్లో పెళ్లికి ముందురోజు పెద్దలకు పెట్టుకుంటారు. పోయినవాళ్ల పటం ముందు కొత్త చీర, దీపం, అరిటాకులో అన్నం, పప్పు, వడ, అప్పడం పెట్టి, అందరూ బయటికి వచ్చి తలుపు మూసేస్తారు. వాళ్లు తినేటప్పుడు బతికున్నవాళ్లు చూడకూడదు. కాసేపయ్యాక తలుపు తట్టి తీస్తారు. అన్నం కాస్త చెదిరి కనిపిస్తే తిన్నారని సంతోషపడతారు. ఆరోజు తలుపు తీస్తే ఆకులో మెతుకు కదల్లేదు. అప్పడం అంచు కూడా విరగలేదు. "మీ అమ్మకి ఇంకా కోపం తీరలేదే" అంది మేనత్త కృష్ణమ్మ, అందరూ వింటుండగా. కొందరికి నోరు ఎప్పుడు మూసుకోవాలో ఎవరూ నేర్పరు.

తలుపు మూసే హడావుడిలో కెమెరా పట్టే విఘ్నేష్‌ను కూడా బయటికి తోసేశారు. స్టాండు మీద అతని కెమెరా లోపలే ఉండిపోయింది, నడుస్తూ.

ఆ ముక్క కలైవాణి ముందుకు వచ్చింది. మూసిన గది, పటం, చీర, ఆకు, దీపం. చూడటానికేమీ లేదని సౌండు తీసేసి, వేగంగా తిప్పి చూసి పక్కన పడేసింది. లోపల కెమెరా నడిచిందన్న సంగతి విఘ్నేష్ నోట యశశ్విని చెవిన పడింది. మిట్టమధ్యాహ్నం మెట్లెక్కి వచ్చింది.

"అక్కా, మా అమ్మ వచ్చిందా?"

"ఏమీ లేదు పాపా. దీపం, ఆకు, అంతే. చూసినాను కదా."

"నాకు పంపక్కా. నంబర్లు వేసి పంపు."

"అది చూడకూడదు. మీ నాయనకి తెలిస్తే నా మింద పడతాడు."

"నేను చెప్పనులే. తినిందా లేదా, అదొకటి తెలిస్తే చాలు. నిద్ర పట్టడంలేదక్కా."

కలైవాణి ఎవరికీ లొంగే మనిషి కాదు. ఆ ముఖం చూసి లొంగింది. ముక్కంతటికీ అంకెలు వేసి పంపింది.

మర్నాడు పొద్దున్నే ఫోను వచ్చింది. ఎవరికో మెలకువ వస్తుందన్నట్టు యశశ్విని గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"పదకొండో నిమిషం నుంచి పద్నాలుగు దాకా తీసేయక్కా."

"ఆ ముక్క అసలు కాపీలో లేనే లేదు పాపా. యాడనుంచి తీసేది?"

"నీ కంప్యూటర్లో ఉండాది కదా, ఆడనుంచే తీసేయి. ఎవరూ చూడకూడదు."

"ఏముండాది ఆడ?"

"మా అమ్మ తింటా ఉండాది."

కలైవాణి వెంటనే ఆ అంకె దగ్గరికి పోయి చూసింది. ఆకు ఉంది. దీపం ఉంది. ఇంకేమీ లేదు. పిచ్చిపిల్ల, దిగులుతో ఏదో ఊహించుకుంది అనుకుంది. అయినా మనసు ఊరుకోక, ఈసారి సౌండు పెట్టి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది.

ముందు బయట వసారాలో ఆడవాళ్ల మాటలు, గిన్నెల చప్పుడు వినిపించాయి. పదకొండో నిమిషం రాగానే అవన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కెమెరాకు బాగా దగ్గరగా గాజులు కదిలాయి. అప్పడం విరిగిన చప్పుడైంది. తెరమీద అప్పడం నిండుగా అలాగే ఉంది. తర్వాత నమలడం వినిపించింది, నెమ్మదిగా, చాన్నాళ్లుగా ఆకలితో ఉన్నవాళ్లు తినేటట్టు. మధ్యలో ఒకసారి ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు. తింటూ ఏడ్చేవాళ్లు అలాగే చేస్తారు.

చావు వీడియోలు అన్నం తింటూ ఎడిట్ చేసే మనిషి, హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టేసింది. పక్కనున్న పెళ్లిపత్రిక ఒకటి తీసి తెరకు అడ్డం పెట్టింది. బొమ్మ మరుగున పడింది. పైన పసుప్పచ్చ అంకెలు మాత్రం పరుగెత్తుతూ కనిపిస్తున్నాయి. కోయడానికి అవి చాలు.

మౌసు మీద వేలు పెట్టి, నొక్కకుండా ఆగింది. అన్నం ముందు కూర్చున్న మనిషిని మధ్యలో లేపడానికి ఆమెకు చెయ్యి రాలేదు. అంకెలు పద్నాలుగు దాటేదాకా కూర్చుని, అప్పుడు కోసేసింది.