వినే ఆయ్, ఒప్పుకునే ఆయ్

అమలాపురంలో మేడ మీద వాటాలో ఉంటూ బ్యాంకు ఉద్యోగులకూ లెక్చరర్లకూ మధ్యాహ్నం క్యారేజీలు పంపే విజయకుమారి గారికి వంట సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. హాస్టల్ వార్డెనుగా రిటైరైన మనిషి, ఆవిడ మాటకి తిరుగులేదు. అంతటి మనిషినీ రొయ్యలు ఒలిచిన పొట్టు ఇరుకున పెట్టింది. చెత్త బండి పొద్దున్నే వచ్చి వెళ్లిపోతుంది, వంట మొదలయ్యేది ఆ తర్వాత. మర్నాటిదాకా బకెట్లో మగ్గిన పొట్టు కంపు కింది వాటాలోకి దిగేది. ఇంటి ఓనరు రమణి గారు ఎంతో మర్యాదగా, "ఈ వాసన ఆగకపోతే వేరే ఇల్లు చూసుకోవాలండీ మరి" అనేశారు. వంటిల్లు పోతే క్యారేజీలూ పోతాయి.

దిగులుపడి కూర్చునే రకం కాదావిడ. చెత్తని రుబ్బి నీళ్లతో పంపేసే మిషను సింకు కింద బిగించుకోవచ్చని విని, నేరుగా మెయిన్ రోడ్డులో షాపుకి వెళ్లారు. అక్కడి సేల్స్‌మన్ అనిల్ కుమార్ ఈమధ్యే హైదరాబాదు నుంచి వచ్చాడు.

"అర హార్స్ పవర్‌ది చిన్న కుటుంబానికి మేడమ్."

"ఆయ్."

"లోపల స్టీలుదైతే తుప్పు పట్టదు."

"ఆయ్."

"మీ వంటకి ఒక హార్స్ పవర్‌దే కరెక్టు."

"ఆయ్."

అతను సంబరంగా వెళ్లి అన్నిట్లోకీ పెద్ద పెట్టె తెచ్చి బిల్లు రాయబోయాడు.

"ఇదెవరికండీ?"

"మీకే మేడమ్! ఆయ్ అన్నారుగా?"

విజయకుమారి గారు పగలబడి నవ్వారు. "ఆయ్ అంటే వింటన్నానని బాబూ, కొంటానని కాదు. ఇప్పుడు నేనడుగుతాను, మీరు ఆయ్ అనండి."

సంచీలోంచి ఓ కవరు తీసి బల్ల మీద పెట్టారు. అందులో కొబ్బరి పీచు, పనస తొక్కలు, రొయ్య పొట్టు. అనిల్ కుమార్ నవ్వాపుకుని, కంపెనీ పుస్తకం తిరగేసి నిజమే చెప్పాడు. పీచు చుట్టుకుని మోటారు పట్టేస్తుంది. పనస తొక్కలూ అంతే. రొయ్య పొట్టైతే కుళాయి తిప్పి కొంచెం కొంచెంగా వెయ్యొచ్చు, కానీ అర హార్స్ పవర్ చాలదు. నూనె పొయ్యకూడదు, చెయ్యి అసలే పెట్టకూడదు.

"అయితే పీచూ తొక్కలూ బండికే. పెద్దది మా సింకు కింద పట్టదు. ముప్పావు హార్స్ పవర్‌ది తీసి ఉంచండి. ఓనరు గారి మాట తెచ్చుకుని వస్తాను."

ఆ మాట తెచ్చుకోవడమే అసలు పని. కింద రమణి గారు ములక్కాడలు తరుగుతున్నారు. విజయకుమారి గారు దాపరికం లేకుండా చెప్పేశారు. సింకు గొట్టం మార్పించాలి. రుబ్బిందంతా మీ సెప్టిక్ ట్యాంకులోకే పోతుంది. ట్యాంకు ఇంకాస్త ముందే తోడించాల్సొస్తుంది, అది నా పూచీ.

"ఆయ్" అన్నారు రమణి గారు, తలెత్తకుండానే.

విజయకుమారి గారికి తను జన్మంతా అన్న మాటే, ఎదుటి మనిషి నోట వినేసరికి ఏమీ అంతుపట్టలేదు.

"వింటన్న ఆయా అండీ, ఒప్పుకున్న ఆయా?"

రమణి గారు కత్తిపీట పక్కకి జరిపారు.

"ఉండిపొమ్మన్న ఆయండీ. ఇన్నాళ్లూ కిందకి వాసనొక్కటే పంపేరు. ఈసారి రొయ్యల కూర కూడా పంపండి."